జీవపరిణామానికి కాలం సరిపోయిందా? కంప్యూటర్ సైన్స్ వేసే లెక్క

డార్విన్ మీద వాదన ఎక్కడ మొదలైనా చివరికి ఒక ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతుంది. కన్ను, మెదడు, రోగనిరోధక వ్యవస్థ లాంటివి గుడ్డిగా జరిగే చిన్న చిన్న మార్పుల వల్లే ఏర్పడ్డాయంటే, అందుకు భూమి వయసు సరిపోతుందా? పరిణామాన్ని నమ్మనివాళ్లు దీన్ని ఎదురుప్రశ్నగా వేస్తారు. నమ్మేవాళ్లలో చాలామంది "కోట్ల సంవత్సరాలు ఉన్నాయి కదా" అని దాటేస్తారు. అది జవాబు కాదు. ఎంత పెద్ద కాలమైనా కొన్ని పనులకు చాలదు, ఇంకొన్నింటికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. ఏ పని ఏ కోవలోకి వస్తుందో తేల్చడమే సిద్ధాంత కంప్యూటర్ సైన్స్ అసలు పని. అందుకే గత రెండు దశాబ్దాలుగా ఆ రంగంలోని కొందరు పెద్దలు జీవపరిణామం వైపు చూపు తిప్పారు.

ఇక్కడ ఒక గందరగోళం ముందే తీర్చుకోవాలి. పరిణామాన్ని చూసి నేర్చుకుని కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం వేరే విషయం. జాన్ హాలండ్ 1975లో ఒక గాడిలో పెట్టిన జెనెటిక్ అల్గారిథమ్స్ ఆ కోవలోవి. మనం మాట్లాడుకునేది దానికి ఎదురు దిశ. ప్రకృతిలో జరిగే పరిణామాన్నే ఒక అల్గారిథమ్‌గా చూస్తే దాని శక్తి ఎంత, దాని హద్దులు ఏమిటి అన్నది ఇక్కడి ప్రశ్న.

## అడుగులు లెక్కపెట్టడం అంటే ఏమిటి

అల్గారిథమ్ అంటే ఒక పనిని పూర్తి చేసే అడుగుల వరుస. దానికి యంత్రం ఉండాలని లేదు. సిద్ధాంతకారులు అడిగేది ఒకటే: సమస్య పరిమాణం పెరిగేకొద్దీ కావలసిన అడుగులు ఎలా పెరుగుతాయి? పరిమాణాన్ని n అనడం వాడుక, మనం దాన్ని "సంఖ్య" అనుకుందాం. ఒక పద్ధతికి ఆ సంఖ్య వర్గమంత అడుగులు కావాలనుకోండి. 10కి 100, 20కి 400, 50కి 2,500. ఇంకో పద్ధతిలో సంఖ్య ఒకటి పెరిగినప్పుడల్లా అడుగులు రెట్టింపు అవుతాయనుకోండి. 10కి 1,024, 20కి పది లక్షలు దాటుతుంది, 50కి దాదాపు 11 కోట్ల కోట్లు. మొదటి రకాన్ని సులభం అంటారు, రెండో రకాన్ని కఠినం అంటారు. రెండో రకం సమస్యను ఎంత వేగమైన యంత్రానికిచ్చినా, ఎంత కాలం ఇచ్చినా, సంఖ్య ఇంకొంచెం పెరగగానే చేతులెత్తేయాల్సిందే.

పరిణామం విషయంలో "సాధ్యమేనా" అనే పాత ప్రశ్న స్థానంలో "ఎన్ని అడుగుల్లో" అనే ప్రశ్న వచ్చి కూర్చోవడం ఇక్కడి అసలు మలుపు.

## ఊరికే వెతకడానికీ, కూడబెట్టుకుంటూ పోవడానికీ తేడా

వంద అమైనో ఆమ్లాలున్న ఒక చిన్న ప్రోటీన్ తీసుకుందాం. ఒక్కో చోట 20 రకాల్లో ఏదైనా రావచ్చు. మొత్తం వరసలు 20ని 100 సార్లు గుణించినంత, అంటే 1 పక్కన సుమారు 130 సున్నాలు. ఇప్పుడు భూమి మీద జరిగి ఉండగల ప్రయత్నాలను ఉదారంగా లెక్కిద్దాం. ఇవాళ భూమ్మీద ఉన్న బ్యాక్టీరియా, వాటి లాంటి ఏకకణ జీవుల సంఖ్య 1 పక్కన 30 సున్నాలంత ఉంటుందని అంచనా. మూడున్నర వందల కోట్ల సంవత్సరాలంటే సుమారు 1,28,000 కోట్ల రోజులు. ఇన్ని కణాలు ఎప్పుడూ ఉన్నాయనీ, ఒక్కోటి రోజుకోసారి విభజన చెందుతూ ప్రతిసారీ ఒక కొత్త వరసను పరీక్షించిందనీ అనుకున్నా, మొత్తం ప్రయత్నాలు 1 పక్కన 42 సున్నాలు. 130 సున్నాల ముందు ఇది లేనట్టే లెక్క.

పరిణామాన్ని ప్రశ్నించేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. కానీ ప్రకృతివరణం (బాగా నెగ్గుకొచ్చే రూపాలే తరతరానికీ మిగిలి పెరగడం) ఇలా వెతకదు.

ఒక చిన్న నమూనా చూద్దాం. వంద స్విచ్‌లున్నాయి, అన్నీ ఆన్ కావాలి. ప్రతిసారీ వందనూ కొత్తగా యాదృచ్ఛికంగా మారుస్తూ పోతే సగటున 1 పక్కన 30 సున్నాలకు పైగా ప్రయత్నాలు కావాలి. పద్ధతి మార్చి, అన్నీ ఆఫ్‌లో ఉన్న స్థితి నుంచి, ప్రతిసారీ ఏదో ఒక స్విచ్‌ను గుడ్డిగా ఎంచుకుని మారుద్దాం. ఆన్‌లో ఉన్నవి పెరిగితే ఉంచుకుందాం, తగ్గితే వెనక్కి తిప్పేద్దాం. ఇప్పుడు సగటున 519 ప్రయత్నాల్లో పని అయిపోతుంది. మార్పు గుడ్డిదే. ఉంచుకోవడం మాత్రం గుడ్డిది కాదు. అదొక్కటే తేడా.

అయితే ఈ నమూనా పరిణామానికి చాలా అనుకూలంగా తయారు చేసింది. ఇందులో ప్రతి స్విచ్ మంచి చెడ్డ మిగతా వాటితో సంబంధం లేకుండా తేలిపోతుంది. జన్యువులు అలా ఉండవు.

## ఒక ఎంజైమ్, అయిదు మార్పులు, 120 దారులు

జీవశాస్త్రవేత్త సీవాల్ రైట్ 1932లో ఒక బొమ్మ గీశాడు. ప్రతి జన్యు అమరికా పటం మీద ఒక చోటు, ఆ అమరిక యోగ్యత (అంటే సంతానాన్ని మిగిల్చే సామర్థ్యం) ఆ చోటి ఎత్తు. పరిణామం ఒక్కో మ్యుటేషన్‌తో (జన్యువులో వచ్చే మార్పుతో) పక్క చోటికి జరుగుతూ పైకెక్కుతుంది. ఈ యోగ్యతా పటం ఎలా ఉందన్న దాని మీదే అడుగుల లెక్కంతా ఆధారపడుతుంది.

నిజమైన పటంలో ఒక చిన్న ముక్కను ఆనవాళ్లతో సహా గీసి చూపించిన పని 2006లో వచ్చింది. డేనియల్ వైన్‌రైక్, ఆయన సహచరులు బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్‌ను ఎంచుకున్నారు. బ్యాక్టీరియా పెన్సిలిన్ లాంటి మందులను విరగ్గొట్టేది దీనితోనే. సెఫొటాక్సిమ్ అనే యాంటీబయాటిక్‌కు ఆ ఎంజైమ్ జన్యువులో అయిదు మార్పులు కలిస్తే నిరోధకత సుమారు లక్ష రెట్లు పెరుగుతుంది. అయిదింటినీ ఏ వరసలో తెచ్చుకోవచ్చు? మొదటిదానికి అయిదు ఎంపికలు, తర్వాత నాలుగు, మూడు, రెండు, ఒకటి. మొత్తం 120 వరసలు. మధ్యలో వచ్చే 32 రూపాల నిరోధకతనూ ప్రయోగశాలలో కొలిచి, ప్రతి అడుగులోనూ నిరోధకత పెరిగే వరసలు ఎన్ని అని చూశారు. తేలినవి 18. మిగతా 102 వరసల్లో ఎక్కడో ఒకచోట నిరోధకత పెరగకుండా నిలిచిపోవడమో తగ్గిపోవడమో జరుగుతుంది. ప్రకృతివరణం ఆ దారి పట్టదు.

ఎందుకలా? అయిదింటిలో ఒక మార్పు ఎంజైమ్ పనితీరును బాగా పెంచుతుంది గానీ దాని నిర్మాణాన్ని బలహీనం చేస్తుంది. ఇంకొకటి నిర్మాణాన్ని గట్టిపరుస్తుంది. ఆ గట్టిపరిచేది ఒంటరిగా వస్తే లాభం లేదు, మొదటిది వచ్చాక వస్తే గొప్ప లాభం. ఒక మార్పు మంచిదా చెడ్డదా అన్నది మరొకటి ఉందా లేదా అన్న దాన్ని బట్టి తలకిందులవుతోంది. ఈ పరస్పర ప్రభావమే పటాన్ని గతుకుల మయం చేస్తుంది. స్విచ్‌ల నమూనాలో లేనిది ఇదే.

## శిఖరం ఒక్కటే ఉన్నా దారి తెగకపోవచ్చు

గతుకుల పటంలో పరిణామం చిన్న గుట్ట మీద చిక్కుకుపోతుందని చాలాకాలంగా అనుకుంటున్నదే. కంప్యూటర్ సైన్స్ తెచ్చిన కొత్త మాట దీనికంటే విచిత్రంగా ఉంటుంది: ఆ చిన్న గుట్ట చేరడానికే కాలం చాలకపోవచ్చు.

మూడు జన్యువులు, ఒక్కోదానికి 0 లేదా 1. మొత్తం ఎనిమిది అమరికలు. వాటి యోగ్యత ఈ వరసలో పెరుగుతుందనుకుందాం: 000, 001, 011, 010, 110, 111, 101, 100. ప్రతి అడుగులోనూ ఒక్క అంకే మారుతోంది, చూడండి. చివరిదైన 100 ఒక్కటే శిఖరం. మొదటి చోటు నుంచి అది ఒక్క మ్యుటేషన్ దూరం. కానీ ఆ మ్యుటేషన్ ముందుగా తగలకుండా వేరొకటి తగిలితే, ప్రతి అడుగూ పైకే వేస్తూ ఎనిమిది చోట్లూ తిరిగి 7 అడుగుల్లో అక్కడికి చేరే దారి ఉంది. పది జన్యువులైతే ఇలాంటి దారి 1,023 అడుగులు. యాభై అయితే ఇందాక చూసిన 11 కోట్ల కోట్లు. మధ్యలో లోయలు లేవు, ఉచ్చులు లేవు, శిఖరం ఒక్కటే, వేసే ప్రతి అడుగూ ముందుకే. అయినా దారి తెగదు.

ఈ చిన్న ఉదాహరణలో అందుబాటులో ఉన్న వాటిలో అత్యంత యోగ్యమైనదాన్ని ప్రతిసారీ ఎంచుకుంటే మొదటి అడుగులోనే గట్టెక్కుతాం. అలా ఎంచుకున్నా తప్పించుకోలేని పటాలు కూడా ఉన్నాయని ఆర్టెమ్ కజ్నాచీవ్ 2019లో జెనెటిక్స్ పత్రికలో చూపించాడు. బాగా గతుకులున్న పటాల సంగతి ఇంకా గట్టిది. అక్కడ ఏ పరిణామ పద్ధతీ సహేతుకమైన కాలంలో ఏదో ఒక స్థానిక శిఖరాన్నైనా (పక్క చోట్లన్నిటి కంటే ఎత్తైన చోటునైనా) చేరుతుందన్న హామీ లేదు. ఈ ఫలితానికి ఒక షరతు ఉంది. 1988లో జాన్సన్, పాపడిమిట్రియూ, యానకాకిస్ నిర్వచించిన పీఎల్ఎస్ అనే, స్థానిక శిఖరాన్ని వెతికే సమస్యల తరగతి నిజంగానే కఠినమైనది అయి ఉండాలి. అలాగేనని సిద్ధాంతకారుల్లో ఎక్కువమంది నమ్మకం, రుజువు మాత్రం ఇంకా లేదు.

దీన్ని ప్రయోగంతో పోల్చి చూడగలమా? రిచర్డ్ లెన్‌స్కీ 1988 ఫిబ్రవరిలో ఒకే ఈ.కొలై బ్యాక్టీరియా మూలం నుంచి 12 గుంపులు మొదలుపెట్టాడు. రోజూ ఒక్కో గుంపులో వందో వంతును తీసి కొత్త ద్రవంలో వేస్తారు, అంటే రోజుకు ఆరున్నర తరాలకు పైగా. ఆహారం మారదు, ఉష్ణోగ్రత మారదు. అలాంటి చోట యోగ్యత కొన్నాళ్లు పెరిగి ఆగిపోవాలని ఎవరైనా అనుకుంటారు. 50,000 తరాల లెక్కలతో 2013లో వచ్చిన విశ్లేషణ ప్రకారం పెరుగుదల వేగం తగ్గుతూ వచ్చింది గానీ ఆగలేదు. దానికి సరిపోయిన గణిత రేఖకు పైకప్పే లేదు. శిఖరం అందనంత దూరంలో ఉన్న పటం ఇలాగే కనిపిస్తుందని కజ్నాచీవ్ వాదన. ఇది పొసగుతుందే గానీ రుజువు కాదు. పైకప్పు లేని రేఖకు వేరే కారణాలూ ఉండొచ్చు.

నాకు ఈ ఫలితంలో అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఒకటుంది. జీవులు తమ పరిసరాలకు పరిపూర్ణంగా అతికినట్టు ఉండాలని మనం తెలియకుండానే ఊహించుకుంటాం. అతకకపోతే "ఏదో అడ్డుపడింది" అంటాం. అడ్డేమీ లేకపోయినా, పటం తీరు వల్లే జీవులు ఎప్పటికీ దారిలోనే ఉండొచ్చని ఈ లెక్క చెబుతోంది.

## పరిణామం నేర్చుకుంటుందా? వాలియెంట్ వేసిన గీత

కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డును 2010కి అందుకున్న లెస్లీ వాలియెంట్ మరో వైపు నుంచి వచ్చాడు. యంత్రాలు ఉదాహరణల నుంచి నేర్చుకోవడానికి 1984లో గణిత పునాది వేసింది ఆయనే. పరిణామం కూడా ఒక రకం నేర్చుకోవడమేనని, కాకపోతే బాగా చేతులు కట్టేసిన నేర్చుకోవడమని 2009లో ప్రచురించిన పత్రంలో చెప్పాడు. విద్యార్థి ఒక్కో లెక్క చూసి ఎక్కడ తప్పు చేశాడో తెలుసుకోగలడు. పరిణామానికి ఆ సౌకర్యం లేదు. ఫలానా జీవి ఫలానా రోజు ఎందుకు చనిపోయిందో అది చూడదు. మొత్తం మీద ఈ రకం ఎంత బాగా నెగ్గుకొచ్చిందన్న ఒక్క అంకె మాత్రమే దానికి అందుతుంది.

ఈ తేడా ఎంత పెద్దదో రెండు ఉదాహరణల్లో చూడొచ్చు.

మొదటిది. ఒక జన్యువు మూడు ప్రోటీన్లూ ఉన్నప్పుడే పని చేయాలి, లేకపోతే ఊరుకోవాలి. ఆ మూడింటిలో ఉండటం లేకపోవడం కలిపి ఎనిమిది పరిస్థితులు, అన్నీ సమానంగా వస్తాయనుకుందాం. మొదటి ప్రోటీన్‌ను మాత్రమే చూసి స్పందించే జీవి 62.5 శాతం పరిస్థితుల్లో సరిగ్గా ప్రవర్తిస్తుంది. రెండింటిని చూసేది 87.5 శాతం. మూడింటినీ చూసేది 100. మెట్లు కనిపిస్తున్నాయి. ఇలాంటి నియమాలు ఈ నమూనాలో పరిణామానికి అందుతాయని వాలియెంట్ రుజువు చేశాడు.

రెండోది. ఇరవై ప్రోటీన్లున్నాయి, వాటిలో మనకు తెలియని కొన్ని ముఖ్యమైనవి. ఆ కొన్నింటిలో బేసి సంఖ్యలో ఉన్నప్పుడు జన్యువు పని చేయాలి, సరి సంఖ్యలో ఉంటే ఊరుకోవాలి. ముఖ్యమైనవి ఏవో ఊహించడానికి 10,48,576 మార్గాలున్నాయి. వాటిలో సరైనది ఒక్కటే. మిగతా ఏ ఊహైనా అన్ని పరిస్థితుల మీద సరిగ్గా 50 శాతమే ఒప్పవుతుంది. పది ముఖ్యమైన ప్రోటీన్లలో తొమ్మిదిని సరిగ్గా పట్టుకున్నవాడికీ, ఒక్కటీ పట్టుకోనివాడికీ ఒకే మార్కు. మెట్టే లేదు. ఎటు కదిలినా నేల చదునుగా ఉంటుంది, ఒక్క చోట మాత్రం సూదిమొన లాంటి శిఖరం.

అయితే ఒక్కో ఉదాహరణనూ విడిగా చూడగలిగే విద్యార్థికి ఇది కష్టమే కాదు. ప్రతి ఉదాహరణా ఒక సమీకరణం. ఇరవై తెలియని రాశులకు పాతిక ముప్పై సమీకరణాలు చేతికొస్తే బీజగణితంతో సమాధానం దొరికిపోతుంది. మైకేల్ కెర్న్స్ 1993లో ఒక్కో ఉదాహరణను కాక మొత్తం మీద తేలే అంకెలు మాత్రమే చూసే నేర్చుకోవడానికి ఈ సరి-బేసి నియమం అందదని చూపించాడు. వాలియెంట్ నమూనాలోని పరిణామం కూడా సరిగ్గా అలాంటి నేర్చుకోవడంతో సమానమేనని విటాలీ ఫెల్డ్‌మన్ 2008లో నిరూపించాడు. కాబట్టి ఈ నమూనాలో పరిణామం మనిషి కంటే, యంత్రం కంటే బలహీనమైన విద్యార్థి. ఈ మాట ఊహగా చెప్పడం వేరు, సిద్ధాంతంగా నిరూపించడం వేరు.

## జన్యువులు, నమ్మకాలు, లైంగిక పునరుత్పత్తి

మూడో దారి ఆటల సిద్ధాంతం నుంచి వచ్చింది. కంప్యూటర్ సైన్స్‌లో ఎన్నో చోట్ల వాడే ఒక పద్ధతి ఉంది. పలువురు సలహాదారులు ఉంటే అందరినీ సమానంగా నమ్మి మొదలుపెట్టండి. బాగా చెప్పినవాడి మీద నమ్మకాన్ని ఆ ఫలితానికి తగ్గట్టు గుణించి పెంచండి. మళ్లీ మళ్లీ అదే. ఇప్పుడు సలహాదారుల స్థానంలో ఒక జన్యువు రెండు రూపాలను పెట్టండి. యోగ్యతలు 1.1, 1.0. సగం సగంతో మొదలైతే మొదటి రూపం ఒక తరంలో 52.4 శాతం, పది తరాల్లో 72, ఇరవైలో 87, యాభైలో 99 శాతం అవుతుంది. అదే సూత్రం. ఎంపిక బలం (రూపాల మధ్య యోగ్యత తేడా) తక్కువగా ఉన్నప్పుడు, లైంగికంగా పునరుత్పత్తి చేసే జీవుల్లో ఒక్కో జన్యువూ ఇలా ఆడే ఆటగాడిలా కనిపిస్తుందని చాస్టైన్, లివ్‌నాట్, పాపడిమిట్రియూ, వజిరానీ 2014లో చూపించారు.

సెక్స్ ఎందుకు ఉందన్న పాత చిక్కుకు ఇది తగులుతుంది. బాగా కుదిరిన జన్యు కలయికను సెక్స్ ప్రతి తరంలోనూ విడగొట్టేస్తుంది కదా, మరి ప్రకృతిలో అది ఇంతగా ఎందుకు పాతుకుపోయింది? ఒక లెక్క చూద్దాం. రెండు జన్యువులు, ఒక్కోదానికి మూడు రూపాలు. ఒకటో రూపాలు రెండూ కలిస్తే యోగ్యత 1.3. ఒకటో రూపం వేరేదానితో కలిస్తే 0.7. మిగతా కలయికలన్నీ 1.1. క్లోనింగ్‌లా యథాతథంగా నకళ్లు తీసుకునే జీవుల్లో 1.3 గెలిచి అంతా ఆక్రమిస్తుంది. కలయికలు తరతరానికీ చెదిరిపోయే జీవుల్లో, అన్నీ సమానంగా మొదలైతే, ఒకటో రూపం సగటు 0.9, మిగతావాటి సగటు 0.967. ఒకటో రూపం తరిగిపోతుంది, గుంపు 1.1 దగ్గర స్థిరపడుతుంది. సెక్స్ ఇక్కడ అత్యుత్తమ కలయికను వదులుకుంది. దానికి బదులు ఎవరితో జత కట్టినా పనికొచ్చే రూపాలను పెంచింది. 2008లో లివ్‌నాట్, పాపడిమిట్రియూ, డషాఫ్, ఫెల్డ్‌మన్ (ఈయన జనాభా జన్యుశాస్త్రవేత్త మార్కస్ ఫెల్డ్‌మన్, ఇందాకటి విటాలీ కాదు) చెప్పిన సిద్ధాంతం ఇదే. సెక్స్‌కు ఇదొక్కటే వివరణ కాదు. హానికర మ్యుటేషన్లను వదిలించుకోవడం, పరాన్నజీవులకు చిక్కకుండా మారుతూ ఉండటం లాంటి వివరణలు ఇంకా బలంగానే నిలబడి ఉన్నాయి.

## అభ్యంతరాలు ఎక్కడ ఉన్నాయి

జీవశాస్త్రవేత్తల మొదటి ఫిర్యాదు న్యాయమైనది: ఇందులో కొన్ని సమీకరణాలు మాకు ఎప్పటినుంచో తెలుసు. గుణించే నమ్మకాల సూత్రం జనాభా జన్యుశాస్త్రంలో పాత చుట్టమే. కంప్యూటర్ సైన్స్ వాళ్ల జవాబు ఏమిటంటే, సమీకరణం పాతదైనా దాని చుట్టూ తాము కట్టుకున్న సిద్ధాంతాలు కొత్తవి, అవి ఇక్కడికి అరువు తెచ్చుకోవచ్చు. ఇద్దరి మాటా నిజమే. ఆ అరువు ఎంత లాభం తెచ్చిందన్నది ఇంకా తేలాల్సి ఉంది.

రెండోది లోతైనది. కఠినమని చెప్పే సిద్ధాంతాలు ఎక్కువగా అత్యంత చెడ్డ సందర్భం గురించి మాట్లాడతాయి. "ఇలాంటి పటం ఒకటి ఉంది" అని రుజువు చేయడం, "ప్రకృతిలోని పటాలు ఇలాంటివే" అని చూపడం ఒకటి కాదు. సరి-బేసి నియమం ఏ జీవికైనా నిజంగా అవసరమా? బహుశా లేదు. పైగా ప్రకృతికి ఫలానా గమ్యం చేరాలన్న పట్టింపు లేదు, పరిసరాలు మారుతూ ఉంటాయి, చిన్న గుంపుల్లో కేవలం అదృష్టం వల్ల కూడా రూపాలు స్థిరపడతాయి. కాలం లెక్కలు సైతం ఊహలను బట్టి తలకిందులవుతాయి. 2014లో చటర్జీ, పావ్‌లోజియానిస్, ఆడ్లమ్, నోవాక్ ఒకే మొదలు నుంచి వెతికితే వరస పొడవుతో పాటు కాలం రెట్టింపుల లెక్కన పెరిగే సందర్భాలను చూపించారు. జన్యువు నకలు తయారవడం లాంటి ప్రక్రియతో ఆ మొదలు మళ్లీ మళ్లీ అందుబాటులోకి వస్తుంటే, మొదలు గమ్యానికి మరీ దూరంగా లేనప్పుడు, కాలం సులభం కోవలోకి వచ్చేస్తుందని అదే పత్రంలో చూపించారు.

ఈ ఫలితాలను పరిణామం అబద్ధమనడానికి వాడుకునే ధోరణి ఒకటి ఉంది. వోల్పర్ట్, మక్రెడీ 1997లో నిరూపించిన సిద్ధాంతం దీనికి తరచూ గురవుతుంది. ఊహించగల అన్ని పటాల మీదా సగటు తీస్తే ఏ వెతుకులాట పద్ధతీ గుడ్డి వెతుకులాట కంటే మెరుగు కాదని అది చెబుతుంది. అన్ని పటాల్లో అత్యధిక భాగం పక్క పక్క చోట్లకు పొంతనే లేని గజిబిజి. నిజమైన ప్రోటీన్లలో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలాసార్లు పని అలాగే సాగుతుంది, లేదా కొద్దిగా మారుతుంది. అంటే ప్రకృతి పటాలు సగటు పటాలు కావు. ఇక కఠినత ఫలితాలు శిఖరం చేరడం గురించి మాట్లాడతాయి, పైకెక్కడం గురించి కాదు. లెన్‌స్కీ సీసాల్లో శిఖరం కనుచూపు మేరలో లేదు, ఎక్కడం మాత్రం ఆగలేదు. అందులో ఒక గుంపు 30,000 తరాలు దాటాక, ఆక్సిజన్ ఉన్నప్పుడు ఈ.కొలై సాధారణంగా వాడుకోలేని సిట్రేట్‌ను తినడం కూడా మొదలుపెట్టింది.

కాబట్టి మిగిలిన పని ప్రయోగశాలల్లో ఉంది. వైన్‌రైక్ బృందం అయిదు మార్పులకు 32 రూపాలను కొలిచింది. ఇరవై మార్పులకు పది లక్షల పైచిలుకు రూపాలు అవుతాయి, వాటిని ఒక్కొక్కటిగా కొలవడం కుదరదు. పటంలో కొన్ని ముక్కలు చూసి మొత్తం సులభమో కఠినమో చెప్పగల గణితం కావాలి. ఎన్ని జన్యువులు ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి తలకిందులు చేస్తున్నాయి, అవి ఎలా అల్లుకుని ఉన్నాయి అన్న వివరాల నుంచి ఆ తీర్పు ఎంతవరకు రాబట్టొచ్చో ఇప్పుడు ఆ రెండు రంగాల వాళ్లూ కలిసి వెతుకుతున్నారు.